కళ్లెం వదిలితే తల ఎటు పోతోంది?

పోయిన నెల ఈ పేజీలో డ్రెస్సాజ్ గురించి, అదే గుర్రం చేత లయగా, పొందికగా కదలికలు చేయించే స్వారీ పోటీ గురించి, రెండు పేరాలు రాశాను, అంతే, ఉత్తరాలూ మెయిల్సూ వాట్సాప్‌లూ కలిపి ఇన్ని వస్తాయని అస్సలు అనుకోలేదు. తెలుగులో గుర్రాల గురించి మాట్లాడుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారా అని మా ఎడిటర్ గారే నోరెళ్లబెట్టారు. చాలామంది తిప్పి తిప్పి అడిగింది ఒకటే, గుర్రం రిలాక్స్ అవ్వట్లేదు, మెడ చాపమంటే చాపట్లేదు, ఏం చెయ్యాలి అని. ఓ ఆరు ఏరి పెడుతున్నా. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడం, నాది హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 34. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాలు రైడింగ్ నేర్చుకుంటున్నా. నాకు ఇచ్చేది రేసుల నుంచి రిటైరైన తొమ్మిదేళ్ల థరోబ్రెడ్ (రేసు జాతి గుర్రం). ‘ముందు వాణ్ని రిలాక్స్ చెయ్యి, స్ట్రెచ్ చేయించు’ అంటారు మా కోచ్. నేను రెయిన్స్ (కళ్లెం పగ్గాలు) వదలగానే వాడు తల ఆకాశానికి ఎత్తి స్పీడ్ పెంచేస్తాడు. వీడియోల్లో చూసి ఎడమ కుడి ఎడమ కుడి అని రెయిన్స్ మార్చి మార్చి లాగితే తల దిగింది, నేను ఫుల్ హ్యాపీ, మా కోచ్ మాత్రం ‘అది కాదయ్యా’ అని తల పట్టుకున్నారు. తల దిగాక ఇంకేం కావాలండీ?

జవాబు: తల దిగింది సరే, వీపు లేచిందా? మీ కోచ్ తల పట్టుకున్నది అందుకే.

చిన్నప్పుడు నులక మంచం చూసే ఉంటారు. వాడగా వాడగా నడుమ సాగిపోయి ఊయలలా అవుతుంది, అప్పుడు తాతలు ఏం చేసేవాళ్లు, నడుమని కింద నుంచి పైకి నెట్టేవాళ్లా? కాదు, కాళ్ల వైపు దావణం తాడు బిగించేవాళ్లు, చివర బిగిస్తే నడుమ తనంతట తనే లేచేది. గుర్రం వీపు కూడా దాదాపు అలాంటిదే. తల వెనక భాగం నుంచి మూపు దాకా ఒక లావుపాటి లిగమెంట్ ఉంటుంది, నూకల్ లిగమెంట్ అంటారు, అక్కడి నుంచి అదే ఇంకో పేరుతో వెన్ను మీదుగా తోక వైపు వెళ్తుంది. గుర్రం మెడని ముందుకీ కిందికీ చాపితే ఆ తాడు బిగుస్తుంది, మూపు దగ్గర వెన్నుపూసల పైకొమ్ముల్ని ముందుకి లాగుతుంది, నడుమ వీపు లేస్తుంది. రెండో కొసన బిగించేది వెనక కాళ్లూ కడుపు కండరాలూ. వెనక కాళ్లు పొట్ట కిందికి రాకుండా ఊరికే తల మాత్రం వేలాడితే మంచం ఒక్క కోడు దగ్గరే బిగించినట్టు, బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది. అసలే తలా మెడా కలిపితే గుర్రం బరువులో పదో వంతు దాకా ఉంటుంది, 450 కిలోల గుర్రం అనుకుంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు మీరు చేసిన ఎడమ కుడి సంగతి. రంపం కోసినట్టు నోట్లో ఇనుము, అదే బిట్, అటూ ఇటూ లాగితే నొప్పి తప్పించుకోడానికి గుర్రం గడ్డం లోపలికి మడుస్తుంది. మెడ మధ్యలో విరిగినట్టు వంగుతుంది, తల దిగినట్టే కనపడుతుంది, కింద వీపు మాత్రం రాయిలా ఉంటుంది. తేడా తెలుసుకోడానికి ఒకటే పని, అలా లాగి దించాక వేళ్లు వదిలి చూడండి. తల స్ప్రింగులా పైకి లేచిందా, అది స్ట్రెచ్ కాదు. మీరు వదిలిన కొద్దీ ముక్కు ముందుకి, ముందుకి, తర్వాత కిందికి వెళ్తూ ‘ఇంకొంచెం ఇవ్వు’ అని బిట్‌ని వెతుక్కుంటూ పోయిందా, అదీ. జర్మన్ ట్రెయినర్లు దీన్ని, గుర్రం నములుతూ నములుతూ మన చేతిలోంచి కళ్లెం తీసుకోవడం అంటారు, నాకు ఈ మాట చాలా ఇష్టం ఎందుకంటే అందులో తీసుకునేది గుర్రం, మనం ఇచ్చేవాళ్లం అంతే.

ఇక మీవాడు స్పీడ్ ఎందుకు పెంచుతున్నాడు అంటే వాడు అల్లరి చేస్తున్నాడని కాదండీ, వాడికి నేర్పింది అదే. మలక్‌పేటలోనో ఇంకెక్కడో రేసులో ఉన్నప్పుడు జాకీ పొట్టి స్టిరప్స్ (కాళ్లు పెట్టే రికాబులు) మీద జీనుకి తగలకుండా లేచి ఉంటాడు, రెయిన్స్ గట్టిగా పట్టుకుంటాడు, గుర్రం ఆ బిట్ మీద బరువు మోపి పరిగెడుతుంది. అంటే రెయిన్ బిగిస్తే వాడికి ‘ఆగు’ అని కాదు ‘పద’ అని అర్థం. ఇప్పుడు మీరు మొత్తం బరువుతో జీనులో కూర్చుని, రెయిన్ బిగించి, ‘నెమ్మది’ అంటున్నారు. పాపం వాడు కన్‌ఫ్యూజ్ కాక ఏం చేస్తాడు! మన దగ్గర రైడింగ్ స్కూళ్లలో ఉన్నవి చాలావరకు ఇలా రేసుల నుంచి వచ్చినవే కాబట్టి ఇది మీ ఒక్కరి బాధ కాదు.

ముందు ఒక పని, డాక్టర్ని పిలిపించి వీపూ పళ్లూ చూపించండి. థరోబ్రెడ్స్‌లో జీను కింద వెన్నుపూసల కొమ్ములు ఒకదానికొకటి రాసుకునే సమస్య ఉంటుంది, రేసు గుర్రాల్లో కడుపులో అల్సర్లు చాలా కామన్. పొట్ట పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టి మీ మోచేతిని కొరకబోతాడా? మూపు వెనక రెండు వేళ్లతో నొక్కితే కిందికి కుంగిపోతాడా? అయితే ట్రెయినింగ్ తర్వాత, ముందు వైద్యం. జీను కూడా చూడండి, స్కూల్లో ఒకే జీను ఐదు గుర్రాలకి వేస్తారు, చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ జరిగేది అదే.

అన్నీ బాగున్నాయి అనుకుంటే, మొదటి పది నిమిషాలు నడకే. పొడుగు రెయిన్ మీద, చేతులు ఖాళీగా, ఫోన్ చూడకుండా. తర్వాత 20 మీటర్ల సర్కిల్‌లో రైజింగ్ ట్రాట్, అంటే గుర్రం చిన్న పరుగు (ట్రాట్) తీస్తుంటే దాని తాళానికి మీరు జీనులో లేచి కూర్చోవడం. వాడు తోసుకుపోతుంటే లాగకండి, సర్కిల్ చిన్నది చెయ్యండి, 15 మీటర్లకి తెచ్చి మళ్లీ పెద్దది చెయ్యండి, సర్కిల్ లోపలి వైపు కాలితో పొట్టని మెల్లగా బయటికి నెట్టండి, బయటి రెయిన్ మాత్రం కదలకుండా ఉండాలి. దిశ మార్చండి. ట్రాట్ నుంచి నడక, నడక నుంచి ట్రాట్, ఇలా పదిసార్లు. వంపు తిరుగుతున్నంతసేపూ ఒక పక్క కండరం సాగుతుంది, దిశ మార్చగానే రెండో పక్కది సాగుతుంది, మెల్లగా ఆ బిగింపు ఊడిపోతుంది.

ఒకచోట మీకు తెలుస్తుంది. ముందు ఊపిరి, వాడు ‘బుర్ర్’ మని ముక్కు చీదుతాడు, పొడుగ్గా. తర్వాత చెవులు ముందుకీ కాదు వెనక్కీ కాదు, పక్కలకి వదులుగా ఊగుతాయి. తోక అడుగు అడుగుకీ లోలకంలా అటూ ఇటూ పోతుంది. నోరు మూసుకునే నములుతుంటాడు, పెదవి చివర కాస్త తెల్లగా తడి కనపడుతుంది. సరిగ్గా అప్పుడు ఉంగరం వేలు సడలించండి, రెయిన్ ఓ రెండు అంగుళాలు జారనివ్వండి, అంతే. వాడు ఆ రెండు అంగుళాలూ తీసుకున్నాడా? ఇంకో రెండు. తీసుకోకుండా రెయిన్ దారంలా వేలాడిందా? తప్పేం లేదు, మళ్లీ మెత్తగా అందుకోండి, ఇంకో రౌండ్ తిరిగి అడగండి. మొత్తం రెయిన్ ఒకేసారి వదిలేస్తే, మెట్ల మీద చెయ్యి పట్టుకుని దింపుతున్న పిల్లాణ్ని సడన్‌గా వదిలేసినట్టే, వాడు తల ఎత్తక ఏం చేస్తాడు. మూడు అడుగులు చాపినా చాలు, మెడ మీద లోపలి చేత్తో నిమరండి, శభాష్ అనండి. మూడు అడుగులు ముప్పై అవ్వడానికి నాకు ఒక గుర్రంతో నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల కథ కూడా చెప్తా, ఎందుకంటే తప్పు నాదే. చెస్ట్‌నట్ మేర్ (ఎర్రగోధుమ రంగు ఆడగుర్రం), అది కూడా రేసు నుంచి వచ్చిందే. నేను టెక్నిక్ అంతా కరెక్ట్‌గానే చేస్తున్నా అనుకునేదాన్ని, అది మాత్రం కర్రలా ఉండేది. రోజూ చూసీ చూసీ అక్కడి సైస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) తాత ఒకరోజు, ‘మేడం, మీరు ఊపిరి బిగబడ్తున్నరు, గందుకే అది గూడ బిగబడ్తది, జర పాట పాడుండ్రి’ అన్నాడు. నవ్వుకున్నా ముందు. తర్వాత ఎవరూ లేనప్పుడు ‘ఉయ్యాలో’ అని బతుకమ్మ పల్లవి ట్రాట్ అడుగులకి సరిపడేలా తీశా, పాడాలంటే ఊపిరి వదలాలి కదా, మూడో రౌండ్‌లో ముక్కు చీదింది. నా పిరుదులూ తొడలూ అప్పటిదాకా దాని వీపుని పట్టకారులా పట్టుకున్నాయని అప్పుడు తెలిసింది. కాబట్టి మీరు కూడా కోడింగ్ చేసి చేసి భుజాలు చెవుల దాకా పెట్టుకుని గుర్రం ఎక్కుతుంటే, ముందు ఆ భుజాలు దింపండి.

ప్రశ్న: నమస్కారం అండి, మేము డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి 13, ఈ ఏడాది డ్రెస్సాజ్‌లో ట్రెయినింగ్ లెవెల్ (కింది స్థాయి) టెస్టుల్లో పోటీ చేస్తోంది. మిగతా వాటికి 6, 6.5 వస్తున్నాయి, స్ట్రెచ్ సర్కిల్‌కి (గుండ్రంగా తిప్పుతూ మెడ చాపించడం) మాత్రం రెండు షోల్లోనూ 5. జడ్జి ‘ఇంకా చాపాలి, రిథమ్ పోయింది’ అని రాశారు. ఇంట్లో ప్రాక్టీస్‌లో బాగానే చేస్తుంది. టెన్షనా?

జవాబు: టెన్షన్ కొంత, లెక్క కొంత. లెక్క ముందు చూద్దాం.

డ్రెస్సాజ్‌లో ప్రతి కదలికకీ 0 నుంచి 10 మార్కులు, 5 అంటే అత్తెసరు పాస్, 6 అంటే ఫర్వాలేదు. 20 మీటర్ల సర్కిల్ చుట్టుకొలత దాదాపు 63 మీటర్లు, మామూలు వర్కింగ్ ట్రాట్‌లో అది ఇరవై సెకన్ల లోపే అయిపోతుంది. ఆ కాస్త టైమ్‌లోనే మెడ చాపించాలి, చాపి ఉన్నట్టు చూపించాలి, మళ్లీ రెయిన్స్ అందుకోవాలి. పిల్లలు చేసే పొరపాటు ఏంటంటే సగం సర్కిల్ దాకా ‘ఇవ్వనా వద్దా’ అని ఆలోచించి, ఇచ్చేసరికి అందుకునే టైమ్ వచ్చేస్తుంది, జడ్జికి కనపడేది రెండు సెకన్ల స్ట్రెచ్. మొదటి పావు సర్కిల్‌లోనే వదలడం మొదలుపెట్టి, మధ్య సగం పూర్తిగా చాపి ఉంచి, చివరి పావులో అందుకోమని చెప్పండి. ఇంట్లో నేల మీద నాలుగు కోన్‌లు పెట్టి ప్రాక్టీస్ చేయిస్తే వచ్చేస్తుంది.

రిథమ్ పోయిందన్నారు కదా, అది ఇంకా ముఖ్యం. రెయిన్ వదలగానే గుర్రం రెండు రకాలుగా తప్పించుకుంటుంది, పరిగెడుతుంది, లేదా బద్ధకంగా జారిపోతుంది. అందుకే వదిలే ముందు రెండు అడుగుల్లో కాస్త ఎక్కువ యాక్టివ్‌గా, లోపలి కాలు దగ్గరగా, పాప తన రైజింగ్ స్పీడ్ తను మార్చకుండా ఉండాలి, ఎందుకంటే గుర్రం రైడర్ లేచి కూర్చునే తాళాన్నే ఫాలో అవుతుంది. ముక్కు మాత్రం ఎప్పుడూ నిలువు గీతకి ముందే ఉండాలి, నోరు ఇంచుమించు భుజం ఎముక మొన ఎత్తుకి దిగితే జడ్జికి చక్కగా కనపడుతుంది. కాంటాక్ట్, అంటే చేతికీ బిట్‌కీ మధ్య మెత్తటి పట్టు, తెగిపోకూడదు, రెయిన్ పొడుగైంది గానీ లూజ్ అవ్వలేదు, ఆ తేడా పాప చేతికి తెలియాలి. ఓ పని చెయ్యండి, ఇంట్లో మీరు రెయిన్ ఒక కొస పట్టుకోండి, కళ్లు మూసుకుని పాపని రెండో కొస పట్టుకోమనండి, మీరు మెల్లగా లాగితే ఆ లాగినంతే ఇవ్వాలి, ముందు ఇవ్వకూడదు, తర్వాత ఇవ్వకూడదు. సోఫాలో కూర్చుని ఆడుకోవచ్చు.

షోలో వార్మప్ ఎంతసేపు చేస్తోందో రాయలేదు మీరు. ఇంట్లో గుర్రం ఇరవై నిమిషాలకి వదులయ్యేది కొత్తచోట నలభై పట్టొచ్చు. అది ఒక్కటి చెక్ చెయ్యండి. అమ్మలు రింగ్ బయట నిలబడి ఊపిరి బిగబట్టినా పిల్లకి తెలిసిపోతుంది, అది వేరే సంగతి!

ప్రశ్న: అక్కా, నేను బెంగళూరులో డిగ్రీ చదువుతున్నా, మాది అనంతపురం. ఇన్‌స్టాలో పెద్ద పెద్ద రైడర్ల వార్మప్ వీడియోల్లో గుర్రం గడ్డం ఛాతీకి తగిలేలా మెడ మడిచి తిప్పుతున్నారు. అది కూడా స్ట్రెచింగే కదా, మెడ పైభాగం సాగుతుందిగా? నేను చేస్తే మా సర్ తిట్టారు.

జవాబు: మీ సర్‌కి నా తరఫున దండం పెట్టు.

దాన్ని రోల్‌కూర్ అంటారు, హైపర్‌ఫ్లెక్షన్ అని కూడా. దీని మీద ఎంత గొడవ అయిందంటే 2010 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మీటింగ్ పెట్టి, బలవంతంగా మెడ అలా మడిచి ఉంచడం ఒప్పుకోం అని తేల్చింది. బలం వాడకుండా తక్కువసేపు, తల కిందికీ లోతుగా గుండ్రంగా ఉంచే పద్ధతికి మాత్రం గేటు తెరిచే ఉంచింది, అందుకే ఆ గొడవ ఇంకా చల్లారలేదు. నువ్వన్నట్టు మెడ పైన సాగుతుంది నిజమే, నీ తలని ఎవరైనా పట్టుకుని ఛాతీకి అదిమి పది నిమిషాలు ఉంచినా నీ మెడ పైన సాగుతుంది, దాన్ని యోగా అంటావా? గొంతు దగ్గర నొక్కుకుపోతుంది, ముందు ఏముందో గుర్రానికి సరిగ్గా కనపడదు, వీపు మాత్రం వదులవ్వదు. స్ట్రెచ్‌లో ముక్కు ముందుకి వెళ్తుంది. లోపలికి వస్తే అది ఇంకోటి.

ఇంకో మాట, ఆ వీడియోల్లో ముక్కు మీద పట్టీ ఎంత టైట్‌గా ఉందో చూడు. నోరు కుట్టేసినట్టు బిగిస్తే గుర్రం నమలలేదు, నమలలేకపోతే దవడ వదులవ్వదు, దవడ బిగిస్తే చెవుల వెనక బిగుస్తుంది, అక్కడి నుంచి వీపంతా. ముక్కు ఎముక మీద రెండు వేళ్లు పట్టాలన్నది పాత రూల్, ఎవరి వేళ్లు అని వాదించుకునేవాళ్లు, చివరికి 2025లో ఫెడరేషన్ ఒక కొలత పరికరమే తెచ్చి పెట్టింది. నీ దగ్గర పరికరం లేకపోతే నీ వేళ్లే పెట్టు, పక్క నుంచి కాదు, ముక్కు మీద.

ప్రశ్న: అయ్యా, విజయవాడ దగ్గర మా కుటుంబం పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెంచుతుంది, ఇప్పుడు రెండున్నాయి. డ్రెస్సాజ్ లాంటివి మాకు తెలీవు. కానీ ఊరేగింపు అయ్యాక తెల్లగుర్రానికి వీపు పట్టేస్తోంది, మూపు ముట్టుకోనివ్వదు. క్యారెట్ చూపించి మెడ తిప్పిస్తే మంచిదని ఎవరో చెప్పారు. నిజమా?

జవాబు: నిజమే అన్నయ్యగారూ (నేను అయ్యని కాదు, ఫర్వాలేదు). ఈ క్యారెట్ పద్ధతి మీద హిలరీ క్లేటన్ అనే పశువైద్య శాస్త్రవేత్తా ఆవిడ సహచరులూ 2011లో ఒక స్టడీ ప్రచురించారు, 8 గుర్రాలకి వారానికి ఐదు రోజులు మూడు నెలలు ఇలా చేయిస్తే వెన్నుపూసని పట్టి ఉంచే లోపలి కండరం లావయ్యింది. అప్పుడు ఆ గుర్రాల మీద స్వారీ ఏమీ లేదు, అంతా నేల మీదే. కాబట్టి మీకు బాగా పనికొస్తుంది.

ఎలాగంటే, గుర్రం నాలుగు కాళ్ల మీద సమానంగా నిలబడాలి, వెనక గోడ ఉంటే మేలు. క్యారెట్ ముక్క ముందు ఛాతీ దగ్గరికి, తర్వాత ముందుకాళ్ల మోకాళ్ల మధ్యకి, తర్వాత ముందు గిట్టల దగ్గరికి తీసుకెళ్లండి, తర్వాత ఎడమ పక్క పొట్ట దగ్గరికి, కుడి పక్కకి. ఒక్కోచోట నాలుగైదు సెకన్లు పట్టి ఉంచి పెట్టెయ్యండి. ఒక్కోటి ఐదుసార్లు. గబుక్కున లాక్కుంటే అది సాగడం కాదు, ఆశ అంతే, కాబట్టి క్యారెట్ పొడుగ్గా కొయ్యండి, మెల్లగా తిప్పండి, మీ వేళ్లు జాగ్రత్త. కాస్త నడిపించి ఒళ్లు వెచ్చబడ్డాక చెయ్యండి. కొంతమంది కాలు పట్టుకుని ముందుకి గుంజి లాగుతారు, చల్లటి ఒంటి మీద అది చెయ్యొద్దు.

కానీ అసలు జబ్బు అది కాదు అనిపిస్తోంది. ఊరేగింపులో గుర్రం రెండు మూడు గంటలు బ్యాండు మోతలో, బాంబుల పొగలో, తల పైకి కట్టేసి, జీను మీద ఓ పక్కకి ఒరిగి కూర్చున్న పెళ్లికొడుకుతో నిలబడుతుంది. తల పైకి, వీపు కిందికి, అన్నిసార్లూ. మధ్యలో మేళం ఆగినప్పుడల్లా పెళ్లికొడుకుని దింపలేరు గానీ ఆ తల కట్టు ఒకసారి విప్పి ఐదు నిమిషాలు మెడ దించనివ్వండి. మూపు ముట్టుకోనివ్వట్లేదంటే జీను అక్కడ కొరుకుతోంది. కింద వేసిన దుప్పటి తీసి చెమట మరక చూడండి, అంతా తడిగా ఉండి ఒక్కచోట పొడిగా ఉంటే అక్కడే నొక్కుతోంది. దానికి క్యారెట్ మందు కాదు.

ప్రశ్న: మేడం, 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సాజ్ టీమ్ గోల్డ్ చూసినప్పటి నుంచి మా అబ్బాయి (11) అదే అంటున్నాడు. మాది వరంగల్. ఎప్పుడు మొదలుపెట్టొచ్చు, ముందు ఏం నేర్పిస్తారు?

జవాబు: పదకొండు చక్కటి వయసు. ఆ గోల్డ్ సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా తెచ్చారు, 1982 ఢిల్లీ తర్వాత గుర్రపు స్వారీలో మనకి మళ్లీ గోల్డ్ రావడానికి 41 ఏళ్లు పట్టింది. అనూష్ విడిగా బ్రాంజ్ కూడా తెచ్చాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌కీ వెళ్లాడు, డ్రెస్సాజ్‌లో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటివాడు. మీవాడికి చెప్పండి, అనూష్ కోల్‌కతా నుంచి జర్మనీ వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే నేర్చుకున్నాడు, అంటే ఇది షార్ట్‌కట్ ఆట కాదు.

జర్మన్ పద్ధతిలో ఆరు మెట్లు, లయ, సడలింపు, కాంటాక్ట్, ముందుకి ఊపు, తిన్నదనం, చివర్లో కలెక్షన్ (బరువు వెనక కాళ్ల మీదికి తీసుకుని ఒదిగి కదలడం). టీవీలో మనం చూసి నోరెళ్లబెట్టేది ఆరోది. మీవాడికి మొదటి రెండేళ్లు మొదటి రెండే నేర్పుతారు, అదీ మంచి స్కూలైతే. మొదటి నెల నుంచే తల కిందికి కట్టే పట్టీలు వేసి ‘చూడండి ఎంత అందంగా ఉందో’ అంటే ఇంకో స్కూల్ చూసుకోండి. వరంగల్ నుంచి హైదరాబాద్ రావాలి, వారానికి రెండుసార్లు ట్రావెల్, ఖర్చు, అన్నీ లెక్కేసుకుని దిగండి. ముందు సైస్ పక్కన నిలబెట్టి బ్రష్ చేయించండి నాలుగు వారాలు, అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఎక్కించండి.

ప్రశ్న: నేను పోలీస్ మౌంటెడ్ యూనిట్‌లో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఈ స్ట్రెచింగ్ అన్న మాటే వినలేదు. డ్రిల్ అవ్వగానే దిగి, పొట్ట పట్టీ ఒక రంధ్రం వదులు చేసి, లైన్ల (గుర్రాల్ని కట్టే చోటు) దాకా చేత్తో నడిపించుకుంటూ వచ్చేవాళ్లం. మధ్యలో గుర్రం తల దించుకుని నేల వాసన చూస్తూ వచ్చేది. ఇప్పటి పిల్లలు దానికి ఏదో కొత్త పేరు పెట్టారా?

జవాబు: పేరు కొత్తది, పని మీదే సార్. మీరు చెప్పింది చదువుతుంటే ఆ లైన్ల దగ్గర ఎండు గడ్డి వాసన వచ్చినట్టయింది నాకు.

ఇప్పటి రైడర్లు చేసే పెద్ద తప్పు క్లాస్ చివర్లోనే, గంట అవ్వగానే టక్కున దిగి సైస్ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. పని చేసిన కండరం అలాగే బిగిసి చల్లారుతుంది, మర్నాడు మొదటి ఇరవై నిమిషాలు దాన్ని విప్పడానికే పోతాయి. ఆఖరి పది నిమిషాలు ట్రాట్‌లో ఒకసారి మెడ చాపించి, తర్వాత పొడుగు రెయిన్ మీద నడక, తర్వాత మీరన్నట్టు దిగి పట్టీ వదులు చేసి పక్కన నడవడం. మన ఎండాకాలంలో అయితే ఊపిరి మామూలుకి వచ్చేదాకా నడిపించి నీళ్లు పొయ్యాలి, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటితే నేను అసలు ట్రాట్ చేయించను. తల దించుకుని నేల వాసన చూసింది అన్నారు కదా, గుర్రం భయం లేనప్పుడే ఆ పని చేస్తుంది, మీ యూనిట్ గుర్రాలు మిమ్మల్ని అంత నమ్మాయన్నమాట.

ఒక రిక్వెస్ట్ సార్. మీ దగ్గర ఆ రోజుల డ్రిల్ నోట్స్ ఉంటే, చేత్తో రాసుకున్నవైనా సరే, జిరాక్స్ తీసి మా అడ్రస్‌కి పంపండి. కదం మార్చేటప్పుడు మీకు హిందీలో ఇచ్చే ఆర్డర్లు కూడా గుర్తున్నంతవరకు రాయండి, మా స్కూల్లో పాత గుర్రం ఒకటుంది, అది ఇంగ్లీషుకి పలకదు.